అల దాటిన తరువాత

సూర్యుడి మీద పేలుడు లేచినప్పుడు అక్కడి గాలి, అంటే సౌర పవనం, జోరుగా వచ్చి, ముందు నెమ్మదిగా పోతున్న గాలిని గుద్దుతుంది. ఆ గుద్దుకు ఒక తాకిడి అల పుట్టి గ్రహాల నడుమ పరుగెడుతుంది. దీని మీద పనిచేసేవాళ్లంతా ఆ అలనే చూస్తారు. పరిశోధక విద్యార్థిని రజిని మాత్రం అల దాటిపోయాక వెనక ఏం జరుగుతుందో చూసింది. మహారాష్ట్రలోని ఆమె చంద్రపూర్ కాలేజీకి ఇంటర్నెట్టు వచ్చిన కొత్త. ఉపగ్రహం కొలిచిన అంకెలను దించుకుంటూ, లైను తెగినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టుకుంటూ గీతలు గీసింది. అల వెనక గాలి చిక్కబడుతుంది, కాగుతుంది, చాలాసేపు కుదుటపడదు. అందులో హైడ్రోజన్ కన్నా హీలియం ఎక్కువ కాగుతుంది. అయస్కాంత క్షేత్రం వాలును బట్టి ఆ తేడా ఎలా మారుతుందో రజిని పట్టుకుంది.

ఆ పని ఆమె పేరుతో అచ్చయితే కాలేజీలో పర్మినెంటు ఉద్యోగం. లేకపోతే లేదు.

వ్యాసం పత్రికకు పంపే ముందు గైడు బాలకిషన్ సార్, కోర్పనా పక్కన ఉన్న రజిని వాళ్ల ఊరికి, ఎడ్లను పూజించే పొలాల పండుగ చూడటానికి వస్తానన్నాడు. రజిని తండ్రి ఇస్తారి సంబరానికి పట్టపగ్గాలు లేవు.

ఆ పండుగనాడు ఎడ్లన్నీ మామిడాకుల తోరణం దగ్గర బారులు తీరతాయి. తోరణం కింద, ఊరి ముందర అన్న మాటను తిప్పకూడదు. తిప్పినవాడి ఎడ్లను పై ఏడు అక్కడికి రానీయరు. ఈ పల్లెలకు బట్టలమ్మి బతికిన రాజురా దుకాణదారుల ఇంట పుట్టిన బాలకిషన్‌కు ఈ సంగతి తెలియనిది కాదు.

"ఎడ్లు మంచిగున్నయి ఇస్తారీ" అన్నాడు సార్, తోరణం కింద నిలబడి.

"మీ దయ సార్. మా పిల్లను మనిషిని జేసిండ్రు."

"పిల్ల హుషారే. గాని పేపర్ల చిన్నపిల్ల పేరు జూస్తే బయటోళ్లు చదువరు. నా ఒక్కని పేరు మీద పంపుదామనుకుంటున్న. ఏమంటవ్?"

"బాపూ, ఆగు!" అంది రజిని, బెల్లం పూర్ణం పెట్టిన పోలెల పళ్లెంతో వస్తూ.

ఇస్తారి ఆగలేదు. పెద్దమనిషి నోరు తెరిచి అడిగాడు, ఊరంతా చూస్తోంది. "మీదే ఉండనియ్యుండ్రి సార్. మీ పేరున్నదంటే మా పేరున్నట్టే గదా."

డప్పులు మోగాయి.

ఎడ్లు ఇల్లు చేరాక తల్లి మల్లమ్మ అందుకుంది. "పేరంటే పోలెనా ఏందయ్యా, వచ్చినోనికల్ల పెట్టనీకి?"

"నాకేమెరుక? గంత పెద్ద సార్, మన పిల్ల పేరుతోని ఆయనకేం పని అనుకున్న."

రజిని నౌకరీ సంగతి విడమరిచి చెప్పింది. "ఎరుకలేక అన్న అని సార్‌కు జెప్పు బాపూ."

"తోరణం కింద అన్న బిడ్డా. మల్ల ఊర్ల తలెట్ల ఎత్తుకోవాలె?"

"మరి నేను?"

ఇస్తారి ఎద్దు మెడ గంటలు విప్పసాగాడు.

వ్యాసం అచ్చయింది. చివర, చిన్న అక్షరాల్లో, టైపు చేసినందుకు రజినికి కృతజ్ఞతలు.

ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక ముసలాయన మరాఠీలో అడిగాడు, అల వెనక హీలియమే ఎందుకు ఎక్కువ కాగుతుందని. రజిని కాగితం మీద గీత గీసి చెప్పడం మొదలుపెట్టింది. ముసలాయన ముందుకు వంగి వింటున్నాడు. పక్క కుర్చీలోంచి బాలకిషన్ నవ్వాడు.

"మాఝా పేపర్ ఛాన్ పాఠ్ కేలాయ్ తినే." నా పేపరు బాగా బట్టీ పట్టింది, అని.

అందరూ నవ్వారు. ముసలాయన వెనక్కి జారగిలబడ్డాడు. అక్కడితో అయిపోయింది.

ఊళ్లో బస్సు దిగేసరికి ఇస్తారి ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది బిడ్డా?"

"రాలే."

కొంతదూరం నడిచారు. "సార్ గూడ ఉండెనా ఆడ?"

"ఉండె."

"నేనిచ్చిన మాట ఏమన్న ఎత్తిండా?"

"ఎందుకెత్తుతడు? 'నా పేపర్' అనుకుంట దాన్ని పనికి తెచ్చుకున్నడు. నువ్వు మాట తప్పలే, ఆయన దాన్ని ఉత్తగ పోనియ్యలే. ఇద్దరు మంచిగనే ఉన్నరు బాపూ."

ఇస్తారి ఆమె సంచి అందుకోబోయాడు. రజిని ఇవ్వలేదు.