మింగిన మాట

ఆదివారం పదకొండు దాటాక మగవాళ్ళు లేచి ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోతే, వెనకాల గరాజ్ ఊడ్చుకోవడం శేషుకుమారికి పదేళ్ళుగా తప్పని చాకిరీ. వారంలో ఐదు రోజులు క్లినిక్‌లో జనం గొంతుల్లోకి టార్చి వేసి చూస్తుంది. శనివారం బట్టలూ సరుకులూ. ఆదివారం ఈ చీపురు. పియారా వాటర్స్ సబర్బ్‌లో అందరి గరాజ్‌లలో కార్లుంటే, వీళ్ళ గరాజ్‌లో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పాత ఫ్రిజ్, గోడకి ఆనించిన హాకీ కర్రలు, పియారా పెలికన్స్ క్లబ్బు జెండా ఉంటాయి. కార్లు బయట ఎండకీ వానకీ పడి ఉంటాయి.

ఆ గరాజ్‌లో గొంతు పెంచి అన్న మాటలు కింద రాలతాయి. వేరుశనగ పొట్టులా పల్చగా, గోధుమరంగులో ఉంటాయి. వేళ్ళతో నలిపితే ఆ మాట అన్నవాడి గొంతుతోనే మరొక్కసారి వినబడి పొడైపోతుంది. మొదట్లో శేషుకుమారి వాటిని తోటలో ఎరువుగా వేసేది. కరివేపాకు మొక్క ఏడాదిపాటు చిగురు వెయ్యకుండా మొరాయించింది. చెత్త ఎత్తించే కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, మాటలైతే ఎర్రమూత చెత్తడబ్బాలోనే వెయ్యాలి, ఆకుపచ్చ దాంట్లో వేస్తే లారీవాళ్ళు తీసుకోరు అని చెప్పి పెట్టేసింది.

మామూలు వారాల్లో ఒక చేటెడు పోగయ్యేది. ఈ ఆదివారం చీలమండల దాకా వచ్చింది.

ఎందుకు రాదు? నిన్ననే సెమీఫైనల్. పెలికన్స్ ఓడిపోయారు, అదీ కానింగ్ కాకటూస్ చేతుల్లో. రెండు జట్లూ చెరి రెండు గోల్స్ కొట్టి సమానంగా నిలిస్తే షూటౌట్ పెట్టారు. ఒక ఆటగాడు, ఎదురుగా గోల్‌కీపర్, ఎనిమిది సెకన్లు. పెలికన్స్ తరఫున చివరి అవకాశం జయంత్‌ది. కాకటూస్ గోల్‌లో నిలబడి దాన్ని ఆపేసింది బాలమురళి. పదకొండేళ్ళు పెలికన్స్ గోల్ కాసిన బాలమురళే. ఈ లీగ్‌లో సీజన్ మధ్యలో ఒక్కసారి రెండు క్లబ్బులు చెరో ఆటగాణ్ణి మార్చుకోవచ్చు, ఆ ఆటగాణ్ణి అడగాల్సిన పని కూడా లేదు. ఆరు వారాల కిందట బాలమురళిని కాకటూస్‌కి ఇచ్చి వాళ్ళ ఇరవై మూడేళ్ళ జయంత్‌ని తెచ్చుకున్నారు. ఆ కాగితం మీద సెలెక్టర్‌గా సంతకం పెట్టింది శేషుకుమారి భర్త ద్వారకానాథ్.

పొద్దున్న ఆవిడ పెసరట్లు పట్టుకెళ్ళేసరికే క్లబ్బువాళ్ళతో గరాజ్ హోరెత్తిపోతోంది.

“గోల్‌కీపర్ని ఎవడైనా ట్రేడ్ చేస్తాడా అంట! అదీ మిడ్ సీజన్‌లో, అదీ కాకటూస్‌కి!” అన్నాడు శివప్రసాద్. ఆయన పళ్ళ డాక్టరు. వారమంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి, ఆదివారం తన నోరు తెరుస్తాడు.

“నంబర్స్ చూసి మాట్లాడు బావా,” అన్నాడు రాధాకృష్ణ లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా. “మురళి లాస్ట్ ఇయర్ హండ్రెడ్ షాట్స్‌లో సెవెంటీ ఫోర్ ఆపాడు. ఈ ఇయర్ సిక్స్టీ వన్. మోకాళ్ళు అయిపోయాయి. జయంత్ వచ్చాక నైన్ గోల్స్ కొట్టాడు.”

“తొమ్మిది కొట్టి పదోది ఎవడి ప్యాడ్స్‌కి కొట్టాడూ? ఆ కుర్రాడు ఎడమకి తిరుగుతాడని మురళికి తెలీదా? చిన్నప్పుడు వాడికి హాకీ కర్ర పట్టుకోడం నేర్పిందే మురళి!”

“అది లక్.”

“నీ మొహం లక్. ద్వారకా, నువ్వు చెప్పు. అసలు ఏం చూసి సంతకం పెట్టావయ్యా?”

ద్వారకానాథ్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆరు వారాలుగా అంతే. తిండి సగానికి సగం తగ్గింది. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుటకలు మింగుతుంటాడు. శేషుకుమారి టార్చి వేసి చూసింది, థ్రోట్ క్లియర్‌గానే ఉంది.

అసలు సంగతి ఆవిడకి తెలుసు. ట్రేడ్ ఖాయమైన రోజు సాయంత్రం, ముందుగా తనే చెప్పాలని ద్వారకానాథ్ బాలమురళి ఇంటికి వెళ్ళాడు. గంటసేపు కూర్చున్నాడు. కాఫీ తాగాడు. తోటలో కోసిన కరివేపాకు పొట్లం చేతిలో పెట్టి, వస్తాన్రా అని లేచి వచ్చేశాడు. మర్నాడు పొద్దున్న క్లబ్బు వాట్సాప్ గ్రూపులో వార్త పడింది, దాని కింద పద్దెనిమిది మంది బొటనవేళ్ళు పెట్టారు. బాలమురళి అలా తెలుసుకున్నాడు. ఆ తర్వాత ఈ ఇంటి గడప తొక్కలేదు. నెల తిరక్కుండా అడిలైడ్ ఆఫీసుకి బదిలీ అడిగాడు. రేపు కాగితాల మీద సంతకం, గురువారం సామాన్ల ట్రక్కు. ఈ కబురు అతని భార్య జ్ఞానప్రసూన ఏడుస్తూ చెప్పింది. ఈ ఊరొచ్చిన కొత్తలో రెండు కుటుంబాలూ ఒకే ఇల్లు అద్దెకు తీసుకుని ఒకే పొయ్యి మీద వండుకున్నాయి. అలాంటి మనిషి ఒక బంతాట కోసం ఊరొదిలి పోతున్నాడంటే శేషుకుమారికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు ఆవిడ పొట్టు ఊడ్చి మూడు సంచులు నింపింది. నడుం పీకేస్తోంది. చీపురు కింద అక్కడక్కడ మాటలు నలిగి ‘లక్!’ అనీ, ‘ఎవడైనా ట్రేడ్ చేస్తాడా’ అనీ అరిచి చచ్చిపోయాయి. ఆఖరున బాలమురళి కుర్చీ జరిపింది. ఆరు వారాలుగా దాంట్లో ఎవరూ కూర్చోలేదు. దాని కింద నల్లగా, చింతగింజంత మాట ఒకటి పడి ఉంది.

మింగిన మాట అది. ఎప్పుడో గాని రాలదు. మనిషి ఇక లోపల మొయ్యలేనప్పుడు జారిపోతుంది, ఎవరికోసం మింగాడో వాళ్ళ చోటు వెతుక్కుంటూ పోతుంది. ఆవిడ దాన్ని చేటలోకి ఎత్తింది. అది దొర్లి మళ్ళీ ఆ కుర్చీ కిందికే పోయింది. ఇంకోసారి ఎత్తినా అంతే.

లోపల ద్వారకానాథ్ సోఫాలో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“ఏవండీ, గొంతు ఎలా ఉంది?” అని అడిగింది.

“కొంచెం తేలిగ్గా ఉంది,” అన్నాడు. గొంతు బొంగురు పోయి ఉంది.

శేషుకుమారి గింజని గుప్పిట్లో పెట్టుకుని కారెక్కింది. బాలమురళి ఇల్లు పక్క సబర్బ్‌లోనే, పది నిమిషాల దారి. ఎర్ర లైటు దగ్గర కారు ఆగినప్పుడు గుప్పిట విప్పి చూసింది. రెండు వేళ్ళ మధ్య నొక్కితే చాలు. ఇరవై ఆరేళ్ళ కాపురం. పక్కనే పడుకుని గుటకలు మింగే మనిషి లోపల ఏముందో వినే హక్కు తనకి లేదా? నిజానికి ఆవిడకి భయం కూడా వేసింది. అందులో ఉన్నది కోపమైతే? ‘పోతే పోనీ, పీడా వదిలింది’ అని ఉంటే? అలాంటిది తీసుకెళ్ళి చేతిలో పెడితే ఉన్న కాస్తా తెగిపోతుంది. ముందు తను వింటే మంచిదేమో. కాని వింటే పొడైపోతుంది, ఆ తర్వాత ఎంత చెప్పినా ఆవిడ చెప్పినట్టే ఉంటుంది గాని ఆయన చెప్పినట్టు ఉండదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆవిడ గుప్పిట మూసుకుని గేరు వేసింది.

బాలమురళి తలుపు తీశాడు. రెండు మోకాళ్ళకీ పట్టీలు. ఇంటినిండా అట్టపెట్టెలు.

“రండి వదినా. ప్రసూన ఫార్మసీలో డ్యూటీకి వెళ్ళింది, నాలుగింటికి గాని రాదు. కుర్చీలన్నీ ప్యాక్ చేసేశాం, ఆ పెట్టె మీద కూర్చోండి, దాంట్లో పుస్తకాలే.”

“కంగ్రాట్స్ చెప్పాలా నీకు? ఫైనల్స్‌కి వెళ్ళావుగా.”

అతను నవ్వబోయి మానేశాడు. “ఆపాక అందరూ వచ్చి మీద పడ్డారు వదినా. నేను మాత్రం గట్టు మీద మన ద్వారకా ఎక్కడున్నాడా అని చూశాను. అలవాటు కదా. వాడు తల దించుకుని షూ లేసులు కట్టుకుంటున్నాడు. బదిలీ అడిగి మంచిపనే చేశానని అప్పుడనిపించింది, ఇంక ఈ ఊళ్ళో ఉండటం నా వల్ల కాదు. చాలా అలిసిపోయాను.”

శేషుకుమారి చెయ్యి చాపింది. నల్లటి గింజని చూడగానే అతనికి అర్థమైంది. పదేళ్ళు ఆ గరాజ్‌లో కూర్చున్న మనిషి.

“మీరు విన్నారా?”

“లేదు. నీ కుర్చీ కింద దొరికింది. నీదే.”

అతను దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. పక్కగదిలోకి వెళ్తాడేమో అనుకుంది. వెళ్ళలేదు. ఆవిడ ముందే నలిపాడు.

ద్వారకానాథ్ గొంతు వచ్చింది. ఆరు వారాల కిందటి గొంతు, కాఫీ తాగి అప్పుడే కప్పు కింద పెట్టినట్టు.

“మురళీ, నీ మోకాళ్ళు పోయాయని కమిటీ అంతా ఒకటే గోల రా. నాకూ తెలుసు, కనబడుతోంది, అందుకే సంతకం పెట్టాను. వేరేవాళ్ళయితే మొహం మీద చెప్పేవాణ్ణి. నీకు చెప్పలేకపోతున్నాను. పిరికివాణ్ణి రా నేను. తిట్టు. తిట్టి, రేపు మాత్రం ఇంటికి రా.”

అంతే. బాలమురళి చేతిలో కాస్త నల్ల పొడి మిగిలింది. బయట ఎవరో గడ్డి కోసే మిషను నడుపుతున్నారు. శేషుకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పుడు గాని ఆ పుస్తకాల పెట్టె మీద కూర్చోలేదు.

“ఇదే ముక్క ఆ రోజు చెప్పి చావొచ్చుగా వెధవ,” అన్నాడు బాలమురళి. “నేనే మానేస్తా గోల్ కాయడం అని ఆ సాయంత్రం నేనూ చెబుదామనుకున్నా వదినా. వాడు కరివేపాకు చేతిలో పెట్టేసరికి నోరు రాలేదు.”

అతను పొడి దులుపుకోలేదు. ఆ చేతిని అలాగే పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి నంబరు నొక్కాడు. అవతల ద్వారకానాథ్ రెండో రింగుకే ఎత్తాడు.

“రేయ్,” అన్నాడు బాలమురళి. “గురువారం రావాల్సిన ట్రక్కువాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పు. ఇంగ్లీషులో పోట్లాడే ఓపిక నాకు లేదు.”

అవతల ద్వారకానాథ్ గొంతు సవరించుకున్నాడు.

“నంబరు చెప్పు, రాసుకుంటా,” అన్నాడు.