వ్యాను కింద స్లీపరు చెక్క

అయినా ఈ తారు వాసన ఎన్నేళ్ళకీ చెక్కని వదలదు కాబోలు, సంచిలో పెట్టి పైన చీర ముక్క కప్పినా ముక్కుకి తగులుతూనే ఉంది, పట్టాల కింద ఒక జీవితమంతా పడుకున్న స్లీపరు చెక్క, మా బస్తీలో ఏ పొయ్యిలో చూసినా కాలేది ఇదే, మా కూడు ఇదే వాసన, మా ఆయన పోయినరోజు స్నానానికి కాచిన నీళ్ళు ఇదే వాసన, అందుకే నిన్న రైలు లైను కింద దారిలో తొడల్లోతు నీళ్ళలో ఇది కాలికి తగిలితే ఎవరి పొయ్యిలోదో కొట్టుకొచ్చిందనుకుని పక్కకి తన్నేశాను, లూకాయే వంగి తీశాడు, బస్తీ కుర్రాళ్ళందరికీ అక్కని నేను, అప్పా, ఇది మన వేను కిందది, అని అంతే అన్నాడు, ఇంకో మాట అనడానికి వాడికి తీరికేదీ, వాడు నడిపే వ్యాను గోడకి ఒరిగి కూలబడి ఉంది, వాడి పెళ్ళాం దేవమణి అందులో నొప్పులతో ఉంది, మేం ఆడాళ్ళం మంచం దింపి నెత్తిన పెట్టుకుని నీళ్ళు దాటుతుంటే మంచం మీదే బిడ్డ పుట్టేసింది, ఆడగుంట, గుంట ఏడ్చింది, తల్లి ఏడవలేదు, ఆస్పత్రి చేరేసరికి చీరంతా నెత్తురు, పొద్దున్న నేను బయల్దేరేదాకా కళ్ళు తెరవలేదు, డాక్టరు బాబు చూద్దాం చూద్దాం అంటాడు, ఆస్పత్రి మెట్ల మీంచి లేచి ఈ చెక్క పట్టుకుని మలంచా రోడ్డున పడ్డాను, వాన తెరిపిచ్చింది, రిక్షావాళ్ళు గంటలు కొట్టుకుంటూ పోతున్నారు, టీ కొట్టు దాదా నన్ను చూసి, కీ దీదీ, ఇవాళ ఎవరి మీదకి, అని నవ్వాడు, నిజమే, రోజూ ఎవడో ఒకడి మీదకి వెళ్ళేదాన్నే, కుళాయి కోసం ఒకడి మీదకి, కూలి కోసం ఒకడి మీదకి, ఇవాళ నవ్వకు నాయనా, ఇవాళ నా తమ్ముడి మీదకి.

తోడబుట్టినవాడు కాదు, అంతకన్నా ఎక్కువ, నూకరాజు, వర్క్‌షాపులో బోగీల కింద పడుకుని పనిచేసినవాడు, పంతొమ్మిది వందల అరవైలో సమ్మె చేసి పని పోగొట్టుకున్నవాడు, వాడి కోసం నేను ఆఫీసు గేటు ముందు ఎండలో కూర్చున్నాను, బడి మొహం చూడనిదాన్ని, గోడల మీద పోస్టర్లు చూసి అక్షరాలు పట్టుకున్నదాన్ని, అట్టముక్క మీద వాడి పేరు తప్పు లేకుండా రాయడానికి ఎన్ని బొగ్గుముక్కలు అరగదీశానో, పోలీసు లాఠీ భుజం మీద పడితే వాడే కదా అడ్డం వచ్చాడు, అప్పా అప్పా అని ఏడ్చాడు కదా, ఆ భుజం ఇప్పటికీ వాన ముసురు పడితే సలుపుతుంది, ఇప్పుడూ సలుపుతోంది, వాడు ఇక్కడ రేకుల షెడ్డు వేసుకుని బళ్ళ రిపేరు మొదలెట్టినప్పుడు కొబ్బరికాయ కొట్టింది నేనే, ఆస్పత్రి బండి లైను దాటి మా బస్తీకి రాదు కనక అందరం కూడి కలైకుండా మిలటరీ వేలంలో ఈ పాత వ్యాను తెచ్చుకున్నప్పుడు, మా నూకరాజు తప్ప ఇంకెవడూ దీని బోల్టు ముట్టుకోకూడదు అన్నదీ నేనే, గట్టిగా అన్నాను, నేను ఏదన్నా గట్టిగానే కదా అంటాను.

పోయినేడు వానల్లో ఆ దారి కిందే వ్యాను పొట్టలోకి నీళ్ళెక్కి ఇంజను చచ్చిపోయింది, లోపల జోగమ్మ కోడలు, బిడ్డ దక్కలేదు, అప్పుడు అనుకున్నాం, బండిని ఎత్తు చెయ్యాలి, ఎత్తు చేస్తే నీళ్ళు అందవు, చక్రాల మీద బండిని మోసే ఆ వంపు తిరిగిన ఇనప పట్టీల కట్టలున్నాయే, కమాన్లు, వాటిని మార్చి పెద్ద వంపువి వెయ్యాలన్నాడు నూకరాజు, లూకా కలకత్తా పోయి రైల్లో వేసుకొచ్చాడు, కొత్త ఇనుము ఇంటికొస్తే మనం బొట్టు పెట్టకుండా ముట్టం కదా, జోగమ్మ సిందూరం నూనెలో పిసికి నాలుగు కట్టలకీ చేత్తో అచ్చు వేసింది, బొగ్గు వ్యాగను తలుపు పడి ఆమెకి నడిమి వేలు పోయింది, అందుకని అచ్చులో మధ్య ఖాళీ, తల్లీ, నా కోడలు బిడ్డని మింగినట్టు ఇంకెవలినీ మింగనీకే, అని ఇనుముతో మాట్లాడింది, మేం నవ్వాం, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాం, ఆ తరవాత వ్యాను షెడ్డు నించి ఎత్తుగా, ఏనుగులాగా వచ్చింది, జోగమ్మ వంగి వంగి చూసి నా సిందూరం ఏదిరా అంటే, తుప్పు పట్టకుండా నల్లరంగు పూసినాను పిన్నీ, అన్నాడు, ఓరి నీ తెలివి మండా అని జోగమ్మ వాడి బుగ్గ గిల్లింది, లూకా మాత్రం రెండుమూడు సార్లు నా దగ్గరికొచ్చి, అప్పా, మలుపులో వేను తాగినోడిలాగ ఊగుతంది, అన్నాడు, కొత్త సెప్పు కరుస్తాది, నాలుగు దినాలు పోతే సర్దుకుంటాది, నూకరాజు సేసిన పనికి వంకెట్టకు, అన్నాను, వాడు తలొంచుకుని పోయాడు.

నిన్న సాయంత్రం ఆడాళ్ళంతా గునపాలు పట్టుకున్నారు, షెడ్డు పీకీద్దుం రా అన్నారు, జోగమ్మ అందరికన్నా ముందు, నేనే ఆపాను, ఆగండి, ముందు నేనొక్కదాన్నీ పోయి అడుగుతాను, అన్నాను, ఎందుకాపాను, వాడేదో చెప్తాడని, చెప్పడానికి వాడి దగ్గర ఏదో ఒకటి ఉంటుందని, ఉండాలని, దారిపొడుగునా వాడి తరఫున నేనే జవాబులు అల్లుకుంటున్నాను, పనివాడెవడో చేసుంటాడు, వీడు ఊళ్ళో లేకపోయుంటాడు, ఆఫీసర్లు ఇలా అల్లుకుని వస్తే చీల్చి చెండాడేదాన్ని, ఇదిగో షెడ్డు, రేకు మీద వాన చుక్కలు ఇంకా పడుతున్నాయి, వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు, ఓలప్పా, నువ్వే వొచ్చీసినావా, నేనే రావాలనుకుంటన్నాను, దేవమణికెలాగుంది, టీ తెప్పిస్తానుండు, అన్నాడు, మొహం పాలిపోయుంది, నేను సంచిలోంచి చెక్క తీసి బల్ల మీద పడేశాను, ఇదేట్రా, అన్నాను, నీళ్ళు నములుతూ చూశాడు, పేకింగప్పా, అన్నాడు, పేకింగేట్రా, అంటే చెప్పుకొచ్చాడు, బోగీ కుంగిపోతే మేం సేసేది ఇదే గదా, కమాను కింద చెక్కో ఇనుమో ఏసి లేపీడమే, నా వొయసంతా అదే సేసినాను, ఏ బోగీ పడిపోనాది సెప్పు, దీనికీ అలాగే ఇరుసుకీ కమానుకీ నడిమిని చెక్కెట్టి బోల్టు బిగించినాను, నీళ్ళకి నాని సీలిపోతాదని నాకేటి తెల్సు.

ఆ మాట వినగానే గుండెలో ముడి ఒకటి జారి వదులైంది, సిగ్గులేకుండా వదులైంది, నిజమే కదా, బోగీకి పట్టా ఉంటుంది, అది గుంతలో దిగదు, మలుపులో పక్కకి గుంజుకోదు, వీడికి తెలిసిన బండి అదొక్కటే, తెలిసిన వైద్యం అదొక్కటే, తెలియక చేశాడు, తెలియక చేసినవాడి మీద గునపం ఎత్తుతామా, బస్తీకి పోయి జోగమ్మతో ఏమనాలో, లూకాతో ఏమనాలో మాటలు కూడా పోగేసుకుంటున్నాను, లూకాతో అనడమే కష్టం, ఆస్పత్రి వరండాలో ఆ గుంటని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, దానికి పేరు కూడా అనుకోలేదు, తల్లి లేవనీ, అన్నాడు, ఇంతలో ఏదో అడ్డం తగిలింది, మాటల మధ్య పుల్లలాగా, ఒరే, పెద్ద వంపు కమాన్లు ఏసినాక వేను దానంతటదే లేవాల గదా, మళ్ళీ ఈ చెక్కెందుకురా, అన్నాను, వాడు మళ్ళీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అవి సాల్లేదప్పా, ఇంకాస్త ఎత్తు కావాలని, అన్నాడు, అంటూ చూపు ఒక్కసారి పక్కకి పోయింది, వాడి చూపు వెంటే నా చూపూ పోయింది.

షెడ్డు మూల ఇంకో వ్యాను, మా దానికి కవల, అదే వేలంలో అమ్ముడుపోయింది, కంకర కాంట్రాక్టరుది, ఎప్పుడూ బురదలో ఈడ్చుకుంటూ పోయేది ఇవాళ ఠీవిగా ఎత్తుగా నిలబడుంది, వెనక చక్రం ఒకటి ఊడదీసి జాకీ పెట్టారు, బోల్టులు కొత్తవి, తళతళలాడుతున్నాయి, కమాన్లు పెద్ద వంపువి, నాకేం తెలుసు కమాన్ల గురించి, అన్నీ ఒకేలా ఉంటాయి అనుకుంటూనే దగ్గరికి పోయాను, అప్పా అటు గ్రీజుంటాది సీరకంటుతాది, అంటున్నాడు వాడు వెనకనించి, అప్పా రాయే ఇలాగ, అంటున్నాడు, నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను, లోపలి వైపు, బురద చిమ్మని చోట, గ్రీజు కింద ఎర్రగా, చూపుడు వేలు, ఖాళీ, ఉంగరం వేలు, చిటికెన వేలు, కొంగుతో తుడిచాను, ఇంకా ఎర్రగా లేచింది, జోగమ్మ చెయ్యి, ఆ ఇనుముకి తన కోడలి బిడ్డ సంగతి చెప్పుకున్న చెయ్యి, కాంట్రాక్టరు కంకర మోస్తోంది.

నేను లేచేసరికి వాడు నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు, అప్పా, నీ కాళ్ళట్టుకుంటాను, ఆ కాంట్రాక్టరు నెత్తి మీద కూకున్నాడు, పని ఆగితే టెండరు పోతాదన్నాడు, రేపటికల్లా సెయ్యకపోతే ఇంకే బండీ నీ షెడ్డుకి రానివ్వనన్నాడు, నేనేటి సెయ్యను, మీకు మళ్ళీ తెప్పించి ఏసీద్దుం, అంతదాకా చెక్కతో గడిచిపోతాదనుకున్నాను, వానలు ఇంత బేగి దిగుతాయనుకోలేదు, నేను అడిగాను, నల్లరంగు పూసినానన్నావే జోగమ్మతో, ఆ ముసలిదాని మొహం సూసి ఆ అబద్ధం ఎలాగ వొచ్చిందిరా నోటికి, వాడు నా కాళ్ళ మీద తల పెట్టేశాడు, పోనీ చెక్కే అంత మంచిదైతే వాడి బండికేసి మా కమాన్లు మాకుంచలేకపోయావా, అన్నాను, దానికి మాత్రం ఆలోచించకుండా చెప్పాడు, పిల్లాడు అమ్మతో చెప్పినట్టు చెప్పాడు, ఆయనూరుకుంటాడేటప్పా, పీక కోసీడా, మీరంటే మనోళ్ళు, ఏటైనా అయితే సర్దడానికి నువ్వున్నావు గదా.

నువ్వున్నావు గదా, వాడు ఇంకా ఏదో అంటున్నాడు, ఎవలితోటీ అనకప్పా, షెడ్డు పోతాది, పిల్లలున్నారు, అంటున్నాడు, నాకు ఆ ఒక్క మాటే వినబడుతోంది, నువ్వున్నావు గదా, రేకు మీద చుక్కలు కూడా అదే అంటున్నాయి, గేటు ముందు ఎండలో కూర్చున్నప్పుడు వాడి పెళ్ళాం నా చెయ్యి పట్టుకుని అన్నదీ ఇదే మాట, అప్పుడది వినబడితే ఎంత గర్వపడ్డాను, ఊళ్ళో ఆఫీసరుకి నా నోరంటే భయం, కాంట్రాక్టరుకి భయం, పోలీసుకి భయం, వీడికి భయం లేదు, వీడు దగ్గరుండి చూశాడు నా నోరు ఎవరి మీద లేస్తుందో, ఎవరి దగ్గర పడిపోతుందో, లూకా నోరు నేనే మూశాను, గునపాలు నేనే దింపించాను, ఇప్పటికిప్పుడు కూడా వీడికి పిల్లలున్నారు కదా అని మనసు ఒక మూల వెనక్కి గుంజుతోంది, కాంట్రాక్టరు అడుగుతాడు కనక వాడికి ఇనుము, మేం అడగం కనక మాకు చెక్క, లేవరా, అన్నాను, లేవలేదు, చెక్క తీసుకుని బయటికొచ్చాను, వచ్చే పక్షంలో మా బస్తీలో ఎస్తేరమ్మకి నెలలు నిండుతాయి, ఆ దారి కింద నీళ్ళు అప్పటికింకా పెరుగుతాయి, ఆ కమాన్లు ఇవాళే ఊడి మా వ్యానుకి పోవాలి, దేవమణి లేచినా లేవకపోయినా పోవాలి, రోడ్డు నడిమికి వచ్చి నిలబడ్డాను, టీ కొట్టు దాదా గ్లాసు కింద పెట్టాడు, ఒక రిక్షా ఆగింది, ఇంకోటి ఆగింది, చెక్క పైకెత్తితే భుజం సలిపింది, అదే భుజం, ఒకప్పుడు అట్ట మీద రాసి మోసిన ఆ పేరునే ఇప్పుడు నోరారా పిలవడానికి ఊపిరి తీసుకుంటుంటే తెలిసింది, వాడు మా వ్యానుని చెక్క మీద నిలబెట్టలేదు, మనోళ్ళని నేనేమీ అననన్న నమ్మకం మీద నిలబెట్టాడు.