తప్పంతా ఫోనుదే

డాక్టరమ్మ ఆ మాట మెల్లగానే చెప్పింది. లోపం భార్యలో లేదు. భర్త వీర్యకణాలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటిలోనూ చురుకుదనం లేదు. లిఫ్టు మెకానిక్కయిన అతను తల వంచుకుని గోళ్లలోని గ్రీజు గీక్కుంటూ కూర్చున్నాడు. ఒక పక్క అతని తల్లి, ఇంకో పక్క భార్య.

ముందు ఆమెకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇన్నేళ్లూ పరీక్షలన్నీ ఆమెకే. గర్భసంచిలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే రెండు రోజులు నడుం ఎత్తలేకపోయింది. అతన్నీ రమ్మని పాత డాక్టరు అడిగితే, మా వంశంలో మగవాళ్లకు అలాంటివి లేవని అత్త కొట్టిపారేసింది. ఈ డాక్టరమ్మ మాత్రం అతని పరీక్ష అయ్యేదాకా ఒక్క మాత్ర కూడా రాయనంది.

ఎందుకిలా అయిందని అత్త అడిగింది. కారణాలు చాలా ఉండొచ్చని చెబుతూ డాక్టరమ్మ, ఫోను ఎక్కడ పెట్టుకుంటావని అతన్ని అడిగింది. ప్యాంటు ముందు జేబులోనని చెప్పాడు. ఫోను రేడియేషన్ వీర్యకణాలను దెబ్బతీయొచ్చని కొన్ని పరిశోధనలు అంటున్నాయట, కొన్ని కాదంటున్నాయట, ఖాయంగా ఏమీ తేలలేదట. ఎందుకైనా మంచిది, సంచిలో పెట్టుకోమంది. మిగతా కారణాలు కూడా చూడాలంది.

అత్త చెవిన పడింది ఫోను ఒక్కటే.

ఇంటికి వస్తూనే మెట్ల మీద ఎదురైన పక్కింటావిడతో, మావాడికేం లేదమ్మా, అంతా ఆ పాడు ఫోను చేసిందని చెప్పింది. పై అంతస్తులోనూ అదే చెప్పి వచ్చింది. కొడుకు ఫోనుకు బట్టసంచి కుట్టింది. అతని మొహంలోకి మళ్లీ కళ వచ్చింది.

వంటింట్లో గిన్నెలు తోముతున్న కోడలికి ఒళ్లు మండిపోయింది. పెళ్లికి ముందునుంచీ ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేది. మిషను అదురు కడుపుకు తగులుతుందని అత్త రోజూ సాధించి ఆ పని మాన్పించింది. అప్పుడు ఏ డాక్టరునూ అడగలేదు, ఏ పరిశోధనా కావాలనలేదు.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. భోజనాల దగ్గర అత్త మళ్లీ ఫోను కథ ఎత్తుకుంది. కోడలు చేతిలోని గరిటె కింద పెట్టింది.

"అత్తయ్యా, ఒక్కటి అడుగుతాను. పిల్లలు లేరంటే నా కడుపుదే తప్పన్నారు, నా నడకదన్నారు, నా పనిదన్నారు. నా తప్పు మోయడానికి మీకు ఒక్క ఫోనైనా దొరకలేదా?"

డాక్టరు చెప్పిందే చెప్పాను, నా మీద కోపమెందుకని అత్త గొణిగింది.

"డాక్టరు చెప్పింది తెలియదని. ఆ తెలియదన్న మాట మాత్రం మీకు వినబడలేదు." ఆమె భర్త వైపు తిరిగింది. "మీరు? నాకు సూదులు పొడుస్తుంటే బయట కూర్చుని అదే ఫోనులో ఆటలాడుకున్నారు. పరీక్షకు రమ్మంటే పరువు పోతుందన్నారు. నాకు లేదా పరువు?"

ఆడపడుచు మంచినీళ్ల వంకతో లేచింది.

మర్నాడు ఆమె కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లింది. మిషను మీద ఇంకెవరో కూర్చున్నారు. ప్రస్తుతానికి ఫ్రేములు బిగించే పని ఉందని యజమాని అంటే, సరేనని అప్పుడే చేరిపోయింది. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడ్డుచెప్పే ధైర్యం అత్తకు రాలేదు.

మూడు నెలల తర్వాత అతనికి మళ్లీ పరీక్ష చేశారు. ఫోను జేబులోంచి తీసేసినా పెద్ద మార్పేమీ లేదు. ఆ మాట విని అత్త, అయితే వీడు పనిచేసేచోట ఎక్కడో టవరు ఉండి ఉంటుందంది.

"ఇక ఆపమ్మా," అన్నాడతను. "లోపం నాది. ఎందుకొచ్చిందో తెలియదు. తనది మాత్రం కాదు. ఇన్నాళ్లూ తనని అన్నవాళ్లందరి దగ్గరా ఈ మాట చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను."

అత్త లోపలికి వెళ్లింది.

ఆ మాట వింటే కడుపు చల్లబడుతుందని ఇన్నాళ్లూ అనుకుంది కోడలు. విన్నాక ఇంకా మండింది. ఇంత చిన్న మాట, నోరు తెరిస్తే అయిపోయేది! దానికోసమా ఇన్నేళ్లు?

వైద్యానికి ఎప్పుడు వెళ్దామని అతను గొంతు తగ్గించి అడిగాడు.

"ముందు మీరు వెళ్లండి. నేను రావాలో వద్దో ఇంకా అనుకోలేదు," అని చెప్పులేసుకుని పనికి బయల్దేరింది.