పిలవని పండుగ

మా దగ్గర ఇలవేల్పు పండుగకు ఎవరినీ పిలవరు. పిలిస్తే తప్పు. ఏ ఇంటికి ఏ పునీతుడో, ఆయన పండుగ ఏ తారీఖున వస్తుందో చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ తెలిసే ఉంటుంది. గుర్తున్నవాడు వస్తాడు, లేనివాడు మానేస్తాడు. ఇంటాయన మాత్రం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, కొవ్వొత్తి వెలిగించి, గుమ్మం వదలకుండా కూర్చోవాలి. ఆ పండుగను స్లావా అంటాం. మా ఇంటికి లూకా పునీతుడు, అక్టోబర్ ముప్పై ఒకటి.

నా భార్య పెర్సిదా ఉన్న రోజుల్లో నోవీ సాద్‌లోని మా చిన్న ఇంట్లో ఆ రోజు ముప్పై మంది తినేవాళ్ళు. కుర్చీలు చాలక పక్కింటి యూల్కా దగ్గర తెచ్చుకునేవాళ్ళం. వాళ్ళంతా నా కోసం వస్తున్నారనుకునేవాణ్ణి, వెర్రివాణ్ణి. పెర్సిదా పోయిన ఏడాది పదకొండు మంది వచ్చారు. మరుసటి ఏడు నలుగురు. పోయినేడు యూల్కా తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది, ఇంకెవరూ రాలేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా టై కట్టుకుని కూర్చున్నాను. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన పెద్ద కుండెడు సార్మా తొమ్మిది రోజులు నేనొక్కణ్ణే తిన్నాను. ఆఖరికి క్యాబేజీ పేరు చెబితేనే కడుపులో తిప్పేది.

దాచుకోవడం దేనికి, ఇల్లు నిండా జనం ఉన్నప్పుడు కూడా నా చూపు గేటు మీదే ఉండేది. ఒక్కడి కోసం. వాడు నా తమ్ముడు జివాన్.

జివాన్ కార్లోవ్‌త్సీలో మా నాన్న కట్టిన ఇంట్లో ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి నుంచి అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. పదకొండేళ్ళ క్రితం నాన్న పోయిన నలభయ్యో రోజున వాడు సమాధి దగ్గర కొవ్వొత్తులు పెడుతుంటే, నేను ఇంటికి ముందుగా వచ్చి గోడ మీది లూకా పునీతుడి పటం తీసి కారులో పెట్టుకున్నాను. పెద్దకొడుకును, పటం నాది అన్నాను. నాన్నను ఆఖరి తొమ్మిదేళ్ళూ చూసుకున్నవాణ్ణి, పటం ఈ ఇంటిది అన్నాడు వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం ఇద్దరమూ. ఆ రోజు నుంచి మాటల్లేవు.

ఇంకో చిక్కు ఉంది. ఇద్దరిదీ ఒకే పునీతుడు కాబట్టి పండుగ కూడా ఒకే రోజు. వాడు వాడి గుమ్మంలో కూర్చోవాలి, నేను నా గుమ్మంలో. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజుల్లో ఎప్పుడైనా వెళ్ళొచ్చు కదా అని పెర్సిదా పోరేది. వెళితే, మొహం మీద తలుపు వేస్తే? అలాంటి మనిషే వాడు. నాకు తెలుసు, నేనూ అలాంటివాణ్ణే. స్లావా రోజు మాత్రం గుమ్మంలోకి వచ్చినవాణ్ణి, పగవాడైనా సరే, వెనక్కి పంపరు. ఆ ఒక్క రోజే నా పరువు పోకుండా వాడి ఇంట్లో అడుగు పెట్టగలను. ఆ ఒక్క రోజే నేను ఇల్లు కదలకూడదు.

పోయినేటి సార్మా తిన్నాక నాకు బుద్ధి వచ్చింది. నేను ఇంటాయనగా కూర్చుని ఏం లాభం? ఈ ఏడు అతిథిగా వెళతాను, అంతే.

నేను చేసేది పర్యాటకుల వ్యాన్ నడిపే పని. పొద్దున మఠాలు, మధ్యాహ్నం కార్లోవ్‌త్సీ, ఆ తర్వాత వైన్ పీపాలు దాచే గుహ, సాయంత్రానికి ఇల్లు. ముప్పై ఒకటో తారీఖున బండి నాకే వేయమని ఆఫీసులో తియానాను అడిగితే ఆ పిల్ల తెల్లబోయింది.

"అదేంటి బాబాయ్, ఆ రోజు నీ స్లావా కదా? చట్టమే సెలవు ఇస్తుంటే నువ్వొద్దంటావేంటి?"

"లూకా పునీతుడు వైద్యుడమ్మా. వైద్యుడికి సెలవేంటి?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. నా వైపు జాలిగా చూసింది. ఆ చూపు నాకు ఒళ్ళు మండించింది కానీ బండి మాత్రం దొరికింది.

ఆ రోజు ఐదుగురు హాలండ్ వాళ్ళు ఎక్కారు. రెండు జంటలు, ఒంటరిగా వచ్చిన ఒక పొడుగాటి ముసలావిడ. నా సీటు వెనక సంచిలో బేకరీలో చేయించిన పండుగ రొట్టె, చిన్న సీసాలో ఎర్ర వైన్. ఇల్లు వదిలినా రొట్టె కోయించకుండా ఉండలేను కదా. నాన్న ఆత్మ ఊరుకోదు. హొపొవొ మఠంలో వీళ్ళు గోడల మీది బొమ్మలు చూస్తుంటే నేను నెరిసిన గడ్డం గురువు దగ్గరికి వెళ్ళి రొట్టె ఆయన ముందు పెట్టాను. ప్రార్థనలో చదవడానికి ఇంట్లో వాళ్ళ పేర్లు చెప్పమన్నాడు.

"రాడివోయ్," అన్నాను.

ఆయన పెన్సిల్ కాగితం మీదే ఆగింది. ఇంకా అన్నట్టు చూశాడు. అంతే అన్నాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, తల వంచి ఆ ఒక్క పేరే రాసుకున్నాడు. జివాన్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. వాడు నా ఇంట్లో మనిషని ఏ మొహంతో చెప్పను?

రొట్టె అడుగున శిలువ ఆకారంలో కోసి, వైన్ పోశాక దాన్ని గుండ్రంగా తిప్పాలి. గురువు ఒక వైపు పట్టుకుంటాడు, ఇంటిల్లిపాదీ మిగతా వైపులు పట్టుకుంటారు. ఇద్దరం పట్టుకుంటే రొట్టె ఒక పక్కకు ఒరిగిపోయింది. గురువు నా వెనక్కి చూసి చెయ్యి ఊపాడు. ముందుగా ముసలావిడ వచ్చింది. ఆ తర్వాత మిగతా నలుగురూ ఫోన్లు జేబుల్లో పెట్టుకుని వచ్చారు. ఎవరో ఏమో, భాష తెలియదు, దేవుడు తెలియడు, ఐదుగురూ నా తండ్రి పునీతుడి రొట్టెను రెండు చేతులా పట్టుకుని నాతో పాటు తిరిగారు. గురువు పాడుతున్నాడు.

బయటికి వచ్చాక వాళ్ళలో ఒకాయన, ఇది రోజూ ఉండే కార్యక్రమమేనా అని అడిగాడు. రోజూ ఉంటుందన్నాను. ముసలావిడ మాత్రం, మీవాళ్ళెవరూ రాలేదేం అని నెమ్మదిగా అడిగింది. అందరూ ఇంట్లో నా కోసం ఎదురుచూస్తున్నారని చెప్పాను. ఆవిడ నమ్మలేదనే అనుకుంటున్నాను.

ఆ తర్వాత క్రుషెదోల్ మఠంలో ఏం చూపించానో, ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఏళ్ళ తరబడి చెప్పిన మాటలు వాటంతటవే నోట్లోంచి వస్తాయి. నా బుర్రంతా కార్లోవ్‌త్సీలోనే ఉంది. మా అమ్మ ఉంటే, పెళ్ళికొడుకులా ఉన్నావేంట్రా అని వెక్కిరించేది.

కార్లోవ్‌త్సీ చౌరస్తాలో నాలుగు సింహాల కుళాయి ఉంది. దాని నీళ్ళు తాగినవాడు ఎప్పటికైనా మళ్ళీ ఆ ఊరికే వస్తాడని మావాళ్ళ మాట. హాలండ్ వాళ్ళు దోసిళ్ళతో తాగి సంబరపడ్డారు. నేను పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్ళే అవి. అందుకే కాబోలు వారానికి ఐదు రోజులు ఈ ఊరికి వస్తాను, వచ్చి మా వీధి మొదట్లోనే బండి తిప్పుకుని పోతాను. వాళ్ళను వైన్ గుహ యజమానికి అప్పజెప్పి, గంటలో వస్తానని చెప్పాను. వ్యాన్ అద్దంలో తల దువ్వుకున్నాను. రొట్టెలో సగం తెల్లగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాను.

మా వీధి ఎత్తు. చిన్నప్పుడు పరుగెత్తి ఎక్కేవాళ్ళం. ఇప్పుడు రెండుచోట్ల ఆగాను. ఆగినప్పుడల్లా అనవలసిన మాట వల్లించుకున్నాను: "పండుగ శుభమవుగాక, ఇంటాయనా." అంతే. అతిథి ఆ మాట అంటే చాలు, ఇంటాయన పక్కకు జరిగి దారి ఇవ్వాలి, ఉడికించిన గోధుమలు ఒక చెంచాడు పెట్టాలి, కూర్చోబెట్టాలి. పటం సంగతి ఎవరూ ఎత్తనక్కర్లేదు. పదకొండేళ్ళ కోపం ఒక చెంచా గోధుమలతో పోతుందనుకున్నాను. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆశకు సిగ్గుండదు.

గేటుకు గొలుసు వేసి తాళం వేసి ఉంది. కిటికీల చెక్కలు మూసి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటలు. స్లావా రోజున మధ్యాహ్నం రెండింటికి ఏ ఇంటి తలుపైనా మూసి ఉంటుందా?

ముందు చావు కబురు కాగితం ఉందేమోనని గేటు చూశాను, కరెంటు స్తంభం చూశాను, చివరికి ఎదురింటి చెట్టు మొదలు కూడా వెతికాను. మా వైపు మనిషి పోతే ఫోటోతో సహా అంటిస్తారు. ఎవరెవరివో ఫోటోలు ఉన్నాయి, జివాన్‌ది లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య అర నిమిషం కూడా నిలవలేదు, ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. బతికే ఉన్నాడు, బతికుండి పండుగ మానేశాడు! పటం కోసం నన్ను దొంగ అన్నవాడు, నాన్న పునీతుణ్ణి గాలికొదిలి ఎక్కడో షికారు తిరుగుతున్నాడు. గేటును కాలితో తన్నాను. నొప్పి నాకే తగిలింది. ఎదురింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది, నేను దిగి వచ్చేశాను.

గుహలో హాలండ్ వాళ్ళు బెర్మెత్ తాగి బుగ్గలు ఎర్రబడి కూర్చున్నారు. మా ఊళ్ళో చేసే తీపి వైన్ అది. బండి నడిపేవాణ్ణి, నాకు నీళ్ళే. చంకలోని రొట్టె తీసి వాళ్ళ బల్ల మీద పెట్టాను. జున్నుతో ఐదు నిమిషాల్లో తినేశారు, చాలా బాగుందన్నారు. ముసలావిడ ఒక ముక్క తుంచి నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

వాళ్ళను హోటల్లో దింపి ఇల్లు చేరేసరికి ఐదున్నర, చీకటి పడింది. యూల్కా చేతికర్రతో గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఏమయ్యా రాడివోయ్, పండుగ పూట ఇంటికి తాళమేసి ఊరేగుతావా? నేను కాఫీపొడి పట్టుకుని వస్తే నీ ఇంటి ముందు అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు."

ఎవరని అడిగాను. అడుగుతుంటేనే నాకు తెలిసిపోయింది.

"మీ జివానయ్యా. పొద్దున పదిన్నర బస్సుకు వచ్చాడట. నల్ల కోటు, చేతిలో సీసా. చలిలో ఎందుకయ్యా, మా ఇంట్లో కూర్చోమంటే, అతిథి ఇంటాయన గుమ్మం దగ్గరే ఉండాలమ్మా అన్నాడు. పదకొండేళ్ళు ఇంటాయనగా కూర్చుని చూశాను, ఈ ఏడు అతిథిగా వచ్చాను అన్నాడు. నాలుగింటి దాకా ఆ బెంచీ మీదే ఉన్నాడు. నువ్వెక్కడికెళ్ళావో నాకేం తెలుసు, పొద్దున పనికెళ్ళాడనే చెప్పాను. ఆ మాటకు మొహం చిన్నబోయింది పాపం. ఇక ఇంటాయన రాడులే అని లేచి వెళ్ళిపోయాడు."

యూల్కా ఇంకా ఏదో తిడుతూనే ఉంది. నేను బెంచీ వైపు చూస్తూ నిలబడ్డాను. ఐదున్నర గంటలు. నేను గేటును తన్నిన సమయానికి వాడు ఇక్కడ, నా గేటు ముందు చలికి చేతులు రుద్దుకుంటూ ఉన్నాడు. ఛీ, నా బతుకు అనిపించింది. గట్టిగానే అన్నాననుకుంటాను, యూల్కా మాట ఆపేసింది.

లోపలికి వెళ్ళి దీపం కూడా వేయకుండా ఫోన్ అందుకున్నాను. జివాన్‌కు సెల్‌ఫోన్ లేదు. నాన్న పెట్టించిన ఫోనే, ఆ నంబరు నా వేళ్ళకే తెలుసు. చాలాసేపు మోగింది. ఎత్తాడు. ఎవరని అడగలేదు. వాడి ఊపిరి వినిపిస్తోంది.

"ఒరేయ్ జివాన్," అన్నాను. "స్లావాకు రారా."

"స్లావాకు ఎవరూ పిలవరు." పదకొండేళ్ళ తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. "నాన్న ఎవర్నైనా పిలిచాడా?"

"పిలవలేదు. నేను పిలుస్తున్నాను. పటం నేను దొంగతనంగానే తీసుకొచ్చానురా. తప్పు నాది. అందుకని పిలుస్తున్నాను."

వాడు పెట్టేశాడేమోనని భయపడి ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"ఇంటాయన పండుగ పూట గుమ్మం వదిలి వెళ్ళొచ్చా అన్నయ్యా?" అన్నాడు చివరికి. అది కోపమో ఏడుపో తెలియలేదు. "చలిలో కూర్చోబెట్టావు నన్ను. అంత ముఖ్యమైన పనేంటి నీకు? ఎక్కడికెళ్ళావు ఇవాళ?"

"మీ ఇంటికేరా," అన్నాను.