హుర్సనాయ్ పోసిన నిండు పియాలా

టీవీలో వంటలు చేసే లతోఫత్ తన తిండి జ్ఞాపకాలను పుస్తకంగా అచ్చువేయించింది. ఆమె మా సమర్కండ్ వీధిలో పెరిగిన పిల్ల. అందుచేత నెలకోసారి మేము ఆడవాళ్ళం కూడే విందులో ఆ పుస్తకాన్ని పైకి చదివించుకున్నాము. అందరికంటే ఎక్కువ మురిసిపోయింది హుర్సనాయ్. “దానికి మంతులు నేర్పింది నేనే” అని ఆమె ఏళ్ళ తరబడి చెప్పుకుంటోంది. ఆవిరిమీద ఉడికే ఆ మాంసం కుడుముల పెత్తనం వీధి పెళ్ళిళ్ళన్నిటిలో ఆమెకు దక్కింది ఆ మాట వల్లనే.

మస్తూర చదువుతుంటే మాకు నోరూరింది. పులావులో క్యారట్ ఎంత సన్నగా తరగాలన్న దగ్గర ఒక తగవు, గొర్రెకొవ్వు దగ్గర మరొకటి. ఆ తగవులతో కలిసే పుస్తకం రుచించింది. అంతలో ఈ భాగం వచ్చింది:

“నీలం తలుపు ఇంట్లో మంతులు తింటూ కూర్చున్నాను. గౌరవించే అతిథికి గుక్కెడు టీయే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. ఆ ఇంటి ఖాలా నాకు పియాలా నిండా పోసింది, తాగి వెళ్ళమని. ఏడుస్తూ ఇంటికి వెళ్ళాను. ఎవరూ లేపి పంపలేని వంటింటికి యజమానిని కావాలని ఆ రోజే అనుకున్నాను.”

బాదంపప్పుల పళ్ళెంలో హుర్సనాయ్ చెయ్యి ఆగిపోయింది.

“పేరు రాయలేదు పాపం,” అంది మస్తూర. “మన వీధిలో నీలం తలుపు ఎవరిదబ్బా?”

“నోర్ముయ్యవే! నీలం తలుపులు ఊరంతా ఉన్నాయి.”

“తలుపులుంటే ఉన్నాయిలే. దానికి మంతులు నేర్పింది మాత్రం ఒక్కతేగా!”

మర్నాటికే చివరింటి పెళ్ళివారు మంతుల పని మరొకరికి అప్పగించే ఆలోచనలో పడ్డారు. పిల్లను గెంటేసిన చేతి వంట శుభకార్యానికి ఎలా పనికివస్తుందని పెళ్ళికూతురి నాయనమ్మ సందేహం.

అందువల్లనే లతోఫత్ మా వీధికి వచ్చినప్పుడు, విందు తన ఇంట్లోనే జరగాలని హుర్సనాయ్ పట్టుబట్టింది. పెళ్ళికూతురి నాయనమ్మతో సహా అందరూ పెరటి పందిరి కింద కూర్చున్నాక, టీ పోసే కొమ్ము విరిగిన కూజా ఒకటి తెచ్చింది.

“చూడమ్మా, దీని కొమ్ము నీ చిన్నప్పుడే విరిగింది. వంచామా, బుడుంగున పడుతుంది. కొంచెం పోయడం దీనికి చేతకాదు. నువ్వేమో అపార్థం చేసుకుని ఏడ్చావు!”

అంటూనే వంచింది. పియాలా పొర్లి టీ లతోఫత్ ఒళ్ళో పడింది.

విశ్వవిద్యాలయంలో నా ఉద్యోగమంతా తవ్వకాల్లో దొరికిన పెంకుల వయసు తేల్చడంతోనే గడిచింది. పాత విరుపులోకి టీ మరక దిగి, అంచు గోధుమరంగుకు తిరగాలి. ఈ అంచు ఉప్పులా తెల్లగా ఉంది. దాని వయసు, నా అంచనాలో, ఆ ఉదయం.

“ఏమంటారు ఆపా?” మస్తూర నావైపు తిరిగింది. “పెంకుల సంగతి మీకు తెలుసుగా.”

“పాతదే,” అన్నాను. “ఎంత పాతదన్నది వేరే విషయం.”

లతోఫత్ ఆ అంచుమీద వేలు రాసి, అంటుకున్న తెల్లటి పొడిని నెమ్మదిగా గౌనుకు తుడుచుకుంది.

“అయితే నా బతుకంతా ఈ కొమ్ము చలవేనా, ఖాలా? అనవసరంగా మిమ్మల్ని తిట్టుకున్నానే!” పియాలా ఖాళీ చేసి చాచింది. “ఇంకాస్త పొయ్యండి.”

హుర్సనాయ్ మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో ఆమె మరచినదాన్ని చెయ్యి మరవలేదు. అతిథి మర్యాదగా ఎడమచెయ్యి గుండెకు ఆనించి, కుడిచేత్తో కూజా వంచింది. విరిగిన కొమ్ములోంచి సరిగ్గా గుక్కెడు టీ జారింది. అంతకుమించి చుక్క పడలేదు.

“అరెరే,” అంది మస్తూర, “కొమ్ముకు నయమైపోయింది!”

పందిరి కింద నవ్వులు ఆగలేదు. హుర్సనాయ్ బీట్‌రూట్‌లా ఎర్రబడింది. లతోఫత్ మాత్రం ఆ గుక్కెడూ తీరిగ్గా తాగింది.

“ఇప్పుడు నిజం చెప్పండి ఖాలా. ఆ రోజు ఏమైంది?”

“ఏమవుతుందే! పళ్ళెం మొత్తం ఊడ్చేశావు! మా ఆయనకు ఒక్క మంతీ మిగల్లేదు. లేపకపోతే కుండ కూడా నమిలేదానివి!”

“విన్నారా?” లతోఫత్ పెళ్ళికూతురి నాయనమ్మ వైపు తిరిగింది. “పరాయింట్లో సిగ్గువిడిచి పళ్ళెం ఊడ్చానంటే ఆ మంతులు ఎలా ఉండి ఉంటాయి! పెళ్ళికి ఇంకెవరిచేత చేయిస్తారు, నాయనమ్మా?”

నాయనమ్మ కాసేపు ఆలోచించి, తర్కంలో లోపం కనిపించక, సరేనంది.

“ఈ సంగతి కూడా రెండో ముద్రణలో వేస్తాను,” అంది లతోఫత్.

పెళ్ళినాటికి హుర్సనాయ్ తలుపుకు ఆకుపచ్చ రంగు వేయించింది.