గంజి వాసన లేని నీళ్లు

చల్లపల్లి నేతపేటలో ఉండే పాండురంగయ్య దాహమేసినప్పుడల్లా మగ్గం గుంటలోంచి లేచి, నూలుకి పెట్టే గంజి అంటిన చేత్తోనే చెంబు కుండలో ముంచేవాడు. కాలవ నీళ్లు కాచి తాగాలనీ, కుండలో చెయ్యి పెట్టకూడదనీ బడిలో పంతులుగారు చెప్పారని కూతురు రావమ్మ పోరితే నవ్వేవాడు.

"ఓసి పిచ్చిదానా, అన్నం వార్చిన గంజేగా! మురికెట్టా అవుద్దే?"

మొన్న వానాకాలంలో కలరా వచ్చి అతన్ని ఒక్క రోజులో తీసుకుపోయింది. తప్పు ఆ చేతిదో, కాలవదో ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత అతని భార్య శివపార్వతి, కూతురు చెప్పిందల్లా మారుమాట లేకుండా చేసింది. నీళ్లు కాచింది, వడకట్టింది, కుండకి మూత పెట్టి, పక్కన గోడకి పొడుగు కాడ ఉన్న చిప్పగరిటె తగిలించింది.

ఇవాళ పంతులుగారు పిల్లల ఇళ్లు చూడటానికి వచ్చి ఆ కుండ దగ్గర ఆగిపోయారు. "పేటంతా తిరిగానమ్మా. ఇంత శుభ్రం ఎవరింట్లోనూ లేదు" అన్నారు. రావమ్మ మొహం వెలిగిపోయింది. ఆయన్ని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్లింది.

శివపార్వతి గరిటెతో చెంబులోకి నీళ్లు వంచుకుని ఒక గుక్క తాగింది. ఏ వాసనా లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఈ ఇంటి నీళ్లకి పల్చగా గంజి వాసన ఉండేది. అది నీళ్ల వాసనే అనుకుంది ఇన్నాళ్లూ.

చెంబు పట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లింది. అతను సగం నేసి వదిలేసిన చీర అలాగే ఉంది. గంజి పెట్టిన ఆ పడుగు దారాలకి మొహం ఆనించి, శుభ్రమైన ఆ నీళ్లు మెల్లగా తాగింది.