గాజు గదిలో కోడలు

ఆ నగరాన్ని చూడటానికి వచ్చిన అత్తింటివారు కోట, రాతి వంతెన, గంటల గోపురం ముగించుకొని, చివరినాడు కోడలు పనిచేసే మ్యూజియానికి బయలుదేరారు. వెంట ఆమె భర్త ఉన్నాడు.

పాతబడిన చిత్రాలను శుభ్రపరచి బాగుచేయటం ఆమె వృత్తి. ఆ పని సందర్శకులకు కనబడాలని మ్యూజియంవారు ఆమెను, మనిషి కంటే ఎత్తైన ఒక తైలవర్ణ చిత్రంతో సహా, గాజు గోడల గదిలో ఉంచారు. మధ్యాహ్నం కొంతసేపు ఎవరైనా వరుసలో నిలబడి, బయటి మైకులో ప్రశ్న అడగవచ్చు. ఎటువంటి ప్రశ్నకైనా ఆమె మర్యాదగా జవాబు చెప్పవలసిందే. ఆ జవాబు హాలంతా వినబడుతుంది.

“మా వదినని చూడాలన్నా టికెట్టు కొనాలన్నమాట! నయం, గింజలు వెయ్యమన్లేదు,” అన్నది ఆడపడుచు.

భర్త నవ్వీ నవ్వనట్లు నవ్వాడు.

ముందు నిలబడినాయన, పుల్లకు చుట్టిన ఆ దూదిని దేనిలో ముంచుతున్నారని అడిగాడు.

“ఉమ్మితో తడుపుతున్నానండీ. ఈ రకం మురికికి అంతకంటే మంచిది దొరకదు.”

“ఛీ! ఇంట్లో గిన్నె కడగమంటే చేతులు పగులుతాయంటుంది. ఇక్కడ చూడు నాన్నా, ఉమ్మేసి మరీ తుడుస్తోంది!” అన్నది ఆడపడుచు.

మామగారు ఒక కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి పదవీ విరమణ చేసినవారు. మైకు అందుకొనేముందు గొంతు సవరించుకున్నారు.

“అమ్మాయీ, ఈ పని ఇంకా ఎన్నాళ్ళు?”

“ఈ చిత్రానికి ఇంకో ఏడాది పడుతుంది, మావయ్యగారూ.”

“ఏడాదా? వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తున్నారు కదా! మా ఊరికి బదిలీ కావాలని అబ్బాయే అడిగి వేయించుకున్నాడు. నువ్వు రాజీనామా ఇస్తావని మాకు మాటిచ్చాడు. ఇంకా ఇవ్వలేదా?”

ముందుగా ఆమె చేయి చిత్రానికి దూరంగా జరిగింది. తరువాతనే ముఖం ఇటు తిరిగింది.

“ఏమండీ, మీరే అడిగారా?”

భర్త పెదవులు కదిలాయి.

“అక్కడనుంచి వినబడదు. మైకు దగ్గరికి రండి.”

వరుసలోని జనం తమంతట తామే పక్కకు జరిగి దారి ఇచ్చారు. అతడు మైకు మీదికి వంగి, గొంతు తగ్గించి, “ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు,” అన్నాడు.

“నన్ను రోజూ చూస్తూనే ఉన్నారు. చెప్పండి.”

“ముందే చెబితే గొడవ చేస్తావని...”

“అడిగారా, లేదా?”

“అడిగాను.”

మామగారు కొడుకును భుజంతో నెట్టి మైకు లాక్కున్నారు. “అయితే ఏమైందిప్పుడు? మొగుడు ఎక్కడుంటే పెళ్ళాం అక్కడుండాలి. ఇంత చదువూ చదివి ఆ మాత్రం తెలీదా? పదిమందిలో వాణ్ణి నిలదీస్తావా?”

“పదిమందిలో అడిగింది మీరండీ. జవాబు వినండి. రాజీనామా ఇవ్వలేదు, ఇవ్వను. ఇల్లు ఖాళీ చేసేది మీ అబ్బాయి ఒక్కరే.”

“ఎంత పొగరు!” అన్నది ఆడపడుచు. “రా అన్నయ్యా, ఇంకా ఏం వింటావు? పరువు గంగలో కలిసింది.”

తండ్రి, చెల్లెలు విసవిసా మెట్లు దిగిపోయారు. భర్త కదలలేదు. అడగటానికి అతనివద్ద ప్రశ్న లేదు.

వెనుకనున్న వృద్ధురాలు అతని మోచేతిని తట్టింది. “మీదైపోతే కాస్త జరుగుతారా, బాబూ?”

అతడు జరిగాడు.

గాజు గదిలో ఆమె అతనివైపు చూడలేదు. వృద్ధురాలు అడిగినదానికి, ఆ తరువాతివారు అడిగినదానికి నెమ్మదిగా, ఒక్క మాటైనా తగ్గించకుండా చెప్పింది. కాని పుల్లను మళ్ళీ అందుకోలేదు. వణికే చేతితో చిత్రాన్ని ముట్టరాదు. సమయం ముగిసేవరకు ఆ చేతిని రెండవ చేతితో ఒడిలో అదిమి పట్టుకొనే కూర్చున్నది.